ఊరి బాట పట్టిన తెలుగు పరిశోధన

1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయం బిరుదురాజు రామరాజు గారికి డాక్టరేటు ఇచ్చింది. ఆయన ఎంచుకున్న విషయం తెలుగు జానపద గేయ సాహిత్యం. అప్పటికి తెలుగు శాఖల్లో పరిశోధన అంటే కావ్యం, లేకపోతే శాసనం, లేకపోతే వ్యాకరణం. నాట్లేసే ఆడవాళ్ల పాట, తిరగలి దగ్గర పాట, బతుకమ్మ చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టి పాడే పాట ఒక సిద్ధాంత గ్రంథానికి సరిపోయే విషయమని ఒప్పించడానికి ఆ రోజుల్లో చాలా ధైర్యం కావాలి. ఆ ధైర్యం రామరాజు గారికి ఉంది. ఆయనకు పర్యవేక్షకులుగా ఉన్న ఖండవల్లి లక్ష్మీరంజనం గారికీ ఉంది. రెండేళ్లకు, 1958లో, ఆ గ్రంథం అచ్చయింది. తర్వాత వచ్చిన జానపద పరిశోధకులు అందరూ దాని నీడలోనే పెరిగారు.

నేను నల్గొండ జిల్లాలో డిగ్రీ కాలేజీ పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. మాది పోచంపల్లి పక్కన ఊరు. నాన్న మగ్గం నేసేవాడు, అమ్మ ఆసు పోసేది. మా వంశంలో తెలుగు ఎమ్మే చదివిన మొదటి మనిషిని నేనే. అందుకే తెలుగు ఆచార్యుల చరిత్రను నేను శాఖాధ్యక్షుల పేర్ల వరుసగా చదవలేను. ఎవరు ఎప్పుడు రీడరయ్యారు, ఎప్పుడు ప్రొఫెసరయ్యారు అన్న లెక్క కన్నా, వాళ్లు ఎవరి గడప తొక్కారు, ఎవరి నోట విన్నారు, విన్నదానికి ఎంత గౌరవం ఇచ్చారు అన్నదే నాకు ముఖ్యం. నా ఎరుకలో మన సాహిత్య పరిశోధన బలపడిందంతా పుస్తకం పట్టినవాళ్లు నోటిమాట ఉన్నవాళ్ల దగ్గరికి నడిచి వెళ్లిన కాలాల్లోనే. ఆ నడకల చరిత్ర మన పిల్లలకు చెప్పుకోవాలి.

కడప బంగళా, మద్రాసు తాళపత్రాలు

కథ విశ్వవిద్యాలయాల కన్నా ముందే మొదలవుతుంది. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దగ్గర ఏ తెలుగు శాఖా లేదు. ఆయనకు ఉన్నది జీతం, అది చాలనప్పుడు అప్పు. ఆ డబ్బుతో పండితులను కుదుర్చుకున్నాడు. ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, వాటిని పక్కపక్కన పెట్టించి, పాఠం పాఠం సరిచూయించాడు. జూలూరి అప్పయ్య శాస్త్రి లాంటి పండితులు ఆ పనిలో ఏళ్ల తరబడి కూర్చున్నారు. 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు. 1852లో నిఘంటువు తెచ్చాడు. 1855లో తాతాచారి చెప్పిన కథలు పుస్తకమయ్యాయి. ఈ చివరి పుస్తకం నాకు ప్రత్యేకం. నిఘంటువు కట్టిన మనిషి, జనం ముచ్చట్లాడుకునే తెలుగు కూడా చదవదగ్గదేనని, నేర్చుకోదగ్గదేనని తలచాడు. ఇంగ్లండు వెళ్లిపోయాక లండన్‌లో తెలుగు ప్రొఫెసరయ్యాడు. అంటే మన భాషలో ఆచార్య పదవి ఆయనకు పని అంతా అయిపోయాక వచ్చింది.

బ్రౌన్ పోగుచేసిన ప్రతులు, అంతకుముందు కాలిన్ మెకంజీ పోగుచేసినవి, మరికొన్ని కలిసి 1869 నాటికి మద్రాసులో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం అయింది. తర్వాతి అరవై డెబ్భై ఏళ్ల తెలుగు పరిశోధనకు అదే పుట్టిల్లు. మానవల్లి రామకృష్ణ కవి, వేటూరి ప్రభాకర శాస్త్రి అనే రెండు పేర్లు వినగానే మా తరం తెలుగు విద్యార్థులు లేచి నిలబడేవాళ్లం. మానవల్లి వారు 1909లో నన్నెచోడుడి కుమారసంభవాన్ని బయటపెట్టారు. నన్నెచోడుడు నన్నయకు ముందువాడా, తర్వాతివాడా అన్న వాదం దశాబ్దాలు నడిచింది. ప్రభాకర శాస్త్రి గారు భాండాగారంలో పనిచేస్తూ, జనం నాలుక మీద ఉన్న చాటుపద్యాలను ఏరి చాటుపద్యమణిమంజరిగా కూర్చారు. పండితుడు తాటాకు చదువుతూనే వీధి అరుగు మీద చెప్పుకునే పద్యానికీ చెవి ఒగ్గాడన్న మాట.

తాటాకు చదవడం ఎలాంటి పనో ఇప్పటి పిల్లలకు తెలియాలి. గంటంతో గీసిన అక్షరానికి రంగు ఉండదు. ఆకు మీద సన్నటి గీత మాత్రమే ఉంటుంది. పసరూ మసీ కలిపి ఆకు మీద రుద్ది, పైపైన తుడిస్తే గీతల్లో నలుపు నిలిచి అక్షరం కళ్లకు కనిపిస్తుంది. కనిపించిన తర్వాత అసలు కష్టం మొదలవుతుంది. మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండదు. పద్యం ఎక్కడ ఆగిందో గీత ఉండదు. కమ్మ అంచు విరిగిపోయి ఉంటుంది, మధ్యలో పురుగు తొలిచి ఉంటుంది. ఛందస్సు కంఠతా వచ్చినవాడికే, విరిగిన చోట ఎన్ని మాత్రలు పోయాయో తెలుస్తుంది. అలాంటి కమ్మలను చూసి కాగితం మీద ఎత్తిరాసిన లేఖకులు ఎందరో ఉన్నారు. అచ్చు పుస్తకాల ముఖపత్రాల మీద వాళ్ల పేర్లు లేవు. మనం తిక్కననూ శ్రీనాథుడినీ చదువుకుంటున్నది వాళ్ల కళ్లు పెట్టిన ఖర్చుతోనే.

సవరల దగ్గర చదువుకున్న మాస్టారు

ఇదే కాలంలో పర్లాకిమిడిలో ఒక బడిపంతులు పూర్తిగా వేరే దారి పట్టాడు. గిడుగు రామమూర్తి గారిని మనం వ్యావహారిక భాషోద్యమం వల్ల తలుచుకుంటాం. అది న్యాయమే. కానీ ఆ ఉద్యమానికి కావలసిన చూపు ఆయనకు సవరల దగ్గర దొరికిందని నా నమ్మకం. కొండల నుంచి దిగి వచ్చే సవరల మాట ఆయనకు అర్థం కాలేదు. నేర్చుకోవడానికి పుస్తకం లేదు. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని మాట మాట నేర్చుకున్నారు. ఆ తర్వాత తానే కొండల్లోకి వెళ్లారు. అక్కడి మలేరియా జ్వరానికి కొయినా వాడి వాడి వినికిడి పోయింది. భాష వినడానికి వెళ్లిన మనిషి చెవులు ఆ పనికే ఇచ్చేశాడు.

ఆ పని ఫలితం 1931లో సవర భాషా వ్యాకరణంగా, 1938లో నిఘంటువుగా వచ్చింది. వాటి మధ్య, ముందు, ఆయన సవర పిల్లలకు బడులు పెట్టించారు. వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. ప్రభుత్వం తనకు ఇవ్వబోయిన డబ్బును ఆ బడికే వాడమన్నారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనకు కళాప్రపూర్ణ ఇచ్చి గౌరవించింది. 1940లో ఆయన కన్నుమూశారు.

పరిశోధకుడు కావాలనుకునే పిల్లలకు నేను ఎప్పుడూ గిడుగు వారినే ముందు చూపించేదాన్ని. ఆయన ఒక జాతి దగ్గర మాట తీసుకున్నాడు, బడి రూపంలో వాళ్లకు తిరిగి ఇచ్చాడు. తీసుకోవడం ఒక్కటే పరిశోధన అనుకునేవాళ్లకు ఆ జీవితం మంచి జవాబు.

మూడు నగరాలు, మూడు శాఖలు

విశ్వవిద్యాలయాల్లో తెలుగు ఒక శాస్త్రంగా నిలబడింది ముఖ్యంగా మూడు చోట్ల. మద్రాసు విశ్వవిద్యాలయంలో కోరాడ రామకృష్ణయ్య గారు, తర్వాత నిడుదవోలు వెంకటరావు గారు పనిచేశారు. ఆ నేల మీద కూర్చుని వెంకటరావు గారు తంజావూరు, మధుర నాయకుల కాలపు తెలుగును తవ్వితీశారు. తమిళ దేశంలో తెలుగు రాజ్యమేలిన ఆ రెండు శతాబ్దాలను మనకు మళ్లీ దగ్గర చేసిన పని అది.

1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి గారు. 1914లో కవిత్వతత్త్వవిచారం రాసి పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని కొత్త కళ్లతో చదివిన విమర్శకుడాయన. విశ్వవిద్యాలయం వాల్తేరులో స్థిరపడ్డాక తెలుగు శాఖకు పింగళి లక్ష్మీకాంతం గారు వచ్చారు. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారి శిష్యుడాయన. అవధానాలు చేసిన గొంతు, కావ్యం రాసిన చెయ్యి తరగతి గదిలోకి వచ్చాయి. ఆయన పాఠాలే తర్వాత సాహిత్య చరిత్ర పుస్తకమయ్యాయి. పక్కనే గంటి జోగి సోమయాజి గారు భాషాశాస్త్రాన్ని తెలుగులో బోధించి, 1947లో ఆంధ్ర భాషా వికాసం ప్రకటించారు. ఒక గదిలో రసం, ఇంకో గదిలో ధ్వని పరిణామం. తెలుగు ఎమ్మేకు ఈనాటికీ ఉన్న రూపం అలా ఏర్పడింది.

హైదరాబాదుది వేరే పరిస్థితి. 1918లో పెట్టిన ఉస్మానియాలో బోధనా భాష ఉర్దూ. తెలుగు అక్కడ ఒక చదువుగా, ఒక శాఖగా ఉండేది. రాయప్రోలు సుబ్బారావు గారు ఆ శాఖను నడిపారు. బయట రాజ్యంలో తెలుగు మాట్లాడేవాళ్లే ఎక్కువైనా, ఆఫీసులో, కోర్టులో, బడిలో ఆ భాషకు చోటు లేదు. అందుకే తెలంగాణలో పరిశోధన విశ్వవిద్యాలయం కన్నా ముందు గ్రంథాలయాల్లో, పత్రికాఫీసుల్లో, శాసనాలు వెతికే సంఘాల్లో పెరిగింది. కొమర్రాజు లక్ష్మణరావు గారి పేరుతో పనిచేసిన పరిశోధక మండలి ఊరూరా తిరిగి శాసనాలకు నకళ్లు తీసింది. 1934లో సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ కవుల సంచిక తెచ్చారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 354 మంది కవులతో జవాబు చెప్పారు. లాయరు, పత్రికా సంపాదకుడు చేసిన ఆ పని ఏ శాఖా చేయలేకపోయింది.

ఆయనే 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర తెచ్చారు. రాజుల యుద్ధాలను పక్కకు పెట్టి, కావ్యాల్లో జనం ఏం తిన్నారో, ఏం కట్టుకున్నారో, ఏ ఆటలాడారో, ఏ జాతరకు పోయారో వెతికి పట్టుకున్నారు. క్రీడాభిరామం లాంటి పుస్తకం ఆయన చేతిలో ఓరుగల్లు వీధుల లెక్కపుస్తకమైంది. 1955లో తెలుగుకు వచ్చిన మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ గ్రంథానికే. సాహిత్యాన్ని జనం వైపు నుంచి చదవొచ్చని తేలిపోయింది. ఇక జనం దగ్గరున్న సాహిత్యాన్నే చదవడం మిగిలింది.

రామరాజు గారి దారి

ఆ పనికి పూనుకున్నవాడు ఓరుగల్లు ప్రాంతం నుంచి వచ్చిన యువకుడు. రామరాజు గారు 1925లో పుట్టారు. ఆయన తిరిగిన ఊళ్లలో పాటకు కాగితం లేదు. పాడే మనిషికి తీరిక ఉండాలి, పాడాలనిపించాలి, వినేవాడి మీద నమ్మకం ఉండాలి. వరి నాటేటప్పుడు వచ్చే పాట ఇంటి అరుగు మీద అడిగితే రాదు. పెళ్లి అప్పగింతల పాట మామూలు రోజున పాడమంటే ఆడవాళ్లు ఒప్పుకోరు. ఏడుపు పాట అడగడానికే నోరు రాదు. ఈ ఇబ్బందులన్నీ దాటి సేకరించిన సామగ్రిని ఆయన శ్రామిక గేయాలు, స్త్రీల పాటలు, పిల్లల పాటలు, చారిత్రక గేయాలు, పారమార్థిక గేయాలు అంటూ వర్గాలు చేసి, దేని లక్షణం ఏమిటో చెప్పారు. గుట్టగా పడి ఉన్నదానికి ఒక శాస్త్రం రూపం ఇచ్చారు.

ఆయన్ను జానపద పరిశోధకుడిగా మాత్రమే తలుచుకుంటే తక్కువ చేసినట్టే. ఉర్దూ, సంస్కృతం బాగా తెలిసినవాడు. తాళపత్రాల కోసం తిరిగినవాడు. మరుగుపడిన కవులను వెతికాడు, ఆంధ్ర యోగుల చరిత్రలు సంపుటాలుగా రాశాడు. పల్లె పాటకూ తాటాకు కమ్మకూ మధ్య ఆయనకు గోడ లేదు. రెండూ పోతున్నాయని తెలుసు, రెండింటినీ నిలబెట్టాలని తెలుసు.

ఆయన తర్వాత ఉస్మానియాలో పరిశోధన నాలుగు వైపులా పాకింది. పల్లా దుర్గయ్య గారు పదహారో శతాబ్ది ప్రబంధాల మీద, సి. నారాయణరెడ్డి గారు ఆధునికాంధ్ర కవిత్వంలో సంప్రదాయాలు, ప్రయోగాల మీద సిద్ధాంత గ్రంథాలు రాశారు. నాయని కృష్ణకుమారి గారు జానపద గేయగాథలను తీసుకున్నారు. ఒక స్త్రీ ఆ విషయం తీసుకోవడం నాకు చాలా పెద్ద సంగతి. పాడేవాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. వాళ్ల వంటింటి గడప దాటి లోపలికి వెళ్లగలిగిన చదువరి అప్పుడే వచ్చింది. ఆవిడ తర్వాత తెలుగు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షురాలయ్యారు.

విశ్వవిద్యాలయాలతో పనిలేకుండా ఇదే పని చేసినవారు కూడా ఉన్నారు. రాజమండ్రి వైపు నేదునూరి గంగాధరం గారు జీవితమంతా పాటలు పోగుచేసి మిన్నేరు, మున్నీరు, సెలయేరు అన్న పేర్లతో సంపుటాలు తెచ్చారు. ఆయన పేరు ముందు డాక్టరు లేదు. ఆయన పుస్తకాలు లేకపోతే తర్వాతి డాక్టరేట్లు చాలా వరకు లేవు.

మగ్గం గుంటలో దొరికిన నిఘంటువు

ఇక నా గుండెకు దగ్గరి సంగతికి వస్తాను. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1928లో ఒంగోలులో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఆనర్సు చదివారు. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి 1957లో డాక్టరేటు తెచ్చుకున్నారు. తెలుగు ధాతువుల మీద ఆ పరిశోధన 1961లో పుస్తకమై, ద్రావిడ భాషాశాస్త్రంలో ఆయన్ను ముందు వరుసలో నిలబెట్టింది. 1962లో ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖకు ప్రొఫెసరై వచ్చారు. 1986 నుంచి 1993 దాకా హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. 2003లో ద్రావిడ భాషల మీద కేంబ్రిడ్జి వారు వేసిన ఆయన గ్రంథం ఈ విషయంలో ప్రపంచమంతా తిరగేసే పుస్తకం.

ఇంత పెద్ద పండితుడు అమెరికా నుంచి తిరిగి వచ్చాక చేపట్టిన పని ఏమిటి? రైతులు నాగలి భాగాలను ఏ ఊళ్లో ఏమంటారో రాయించడం. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తరఫున మాండలిక వృత్తి పదకోశం మొదలుపెట్టారు. మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది. జిల్లా జిల్లాకూ మనుషులను పంపి, ఆ వృత్తిలో పుట్టి పెరిగిన పెద్దవాళ్ల దగ్గర కూర్చోబెట్టి, మాట మాట రాయించారు. పుస్తకం చదివినవాళ్లను అడిగితే పుస్తకం మాట చెబుతారు. అందుకే మోట తోలినవాడినీ కళ్లం ఊడ్చినదాన్నీ అడిగారు. ఒక్కో మాట ఏ ప్రాంతంలో పలుకుతుందో గుర్తులతో చూపించారు. ఆ మాటలు ఎక్కడెక్కడ ఒకటవుతున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో చూసి తెలుగు నేలను నాలుగు మాండలిక ప్రాంతాలుగా తేల్చారు. కళింగాంధ్ర ఒకటి, రాయలసీమ నెల్లూరుతో కలిసి ఒకటి, గోదావరి కృష్ణా గుంటూరు ఒకటి, తెలంగాణ ఒకటి. ఈనాడు మాండలికాల గురించి మాట్లాడే ప్రతివారూ ఆ నాలుగు గీతల మీదే నిలబడి మాట్లాడుతున్నారు.

రెండో సంపుటం చేనేతది. 1971లో వచ్చింది. నేను ఎమ్మేలో ఉన్నప్పుడు ఆర్ట్స్ కాలేజీ లైబ్రరీలో అది నా చేతికి దొరికింది. పడుగు, పేక, నాడె, కండె. నేను పుట్టిన ఇంట్లో పొద్దున లేస్తే వినిపించే మాటలు విశ్వవిద్యాలయం పుస్తకంలో అక్షర క్రమంలో నిలబడి ఉన్నాయి. అప్పటిదాకా క్లాసులో మా ఇంటి సంగతి చెప్పాలంటే నాకు గొంతు పెగిలేది కాదు. ఆ పుస్తకం తిరగేస్తుంటే నాకు కళ్లు నిండాయి.

సెలవుకు ఊరెళ్లినప్పుడు నాన్న మగ్గం గుంటలో కూర్చుని ఉండగా ఆ మాటలు చదివి వినిపించాను. నాడె ఆపకుండా కొంతసేపు విన్నాడు. తర్వాత ఆపాడు. "ఇవన్ని మన మాటలే గదా బిడ్డా. ఎవలు చెప్పిన్రు వాళ్లకు?" అన్నాడు. ఇంకో మాట చదివితే తల అడ్డంగా ఊపి, "ఇది మన దిక్కు అనరు. వేరే జిల్లోళ్లు అనొచ్చు" అన్నాడు. పుస్తకంలో కూడా ఆ మాట వేరే జిల్లాది అనే గుర్తు ఉంది. బడి మొహం చూడని మనిషి చెవిలో మాండలిక పటం ఉంది. ఆ రోజు అమ్మ అటుపక్క ఆసు ముందు కూర్చుని ఉంది. మధ్య మేకు నుంచి అర్ధచంద్రంలా ఉన్న మేకుల మీదికి, మళ్లీ మధ్యకు, పొద్దుటి నుంచి ఆవిడ చెయ్యి ఆడుతూనే ఉంది. ఆ చెయ్యి ఆడితేనే చిటికి కట్టడానికి నూలు తయారు, చిటికి కట్టి అద్దితేనే చీర మీద పువ్వు. "మా ఆసు మాటలు గూడ రాసిన్రా?" అని అడిగింది. ఆడవాళ్లు చేసే పనికి మాటలు ఎన్ని ఉన్నాయో, వాటిని ఎవరు రాశారో చూడాలన్న ఆలోచన నాకు అక్కడే పుట్టింది. కాలేజీలో చేరాక నా పిల్లలతో చేయించిన చిన్న చిన్న సేకరణలన్నీ అమ్మ అడిగిన ఆ మాట నుంచి వచ్చినవే.

ఆ పదకోశం వరుసలో తర్వాత ఇళ్ల నిర్మాణం, కుమ్మరం, వడ్రంగం లాంటి వృత్తుల సంపుటాలు కూడా వచ్చాయి. కృష్ణమూర్తి గారే కొండ భాష మాట్లాడే గిరిజనుల దగ్గర పనిచేసి 1969లో ఆ భాషకు వ్యాకరణం ప్రకటించారు. గిడుగు వారు సవరల దగ్గర వేసిన బాట ఆ విధంగా మళ్లీ నడక చూసింది. కృష్ణమూర్తి గారు 2012లో వెళ్లిపోయారు.

పాడినవారి పేరు

ఏలూరు కాలేజీలో పాఠం చెప్పిన వెల్చేరు నారాయణరావు గారు 1971లో అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఆయన సిద్ధాంత గ్రంథం తెలుగులో కవితా విప్లవాల స్వరూపం 1978లో పుస్తకంగా వచ్చింది. తెలుగు కవిత్వం ఒక్కో కాలంలో ఎందుకు మారిందో, మారినప్పుడు కవికీ వినేవాడికీ మధ్య సంబంధం ఏమయిందో అడిగిన పుస్తకం అది. అయితే నాకు ఇంకా ప్రియమైనది స్త్రీల రామాయణపు పాటల మీద 1991లో అచ్చయిన ఆయన వ్యాసం. ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు లాంటి పాటల్లో కథ అడవికీ యుద్ధానికీ పోదు. ఇంట్లోనే ఉంటుంది. కానుపులు, అత్తాకోడళ్లు, అలకలు, అన్నదమ్ముల మధ్య నలిగిన ఆడవాళ్లు. రాముడి పెద్దరికాన్ని ఆ పాటలు మెల్లగా ప్రశ్నిస్తాయి. మా నానమ్మల పాట ఇంత పెద్ద మాట మాట్లాడుతోందని చదువుకున్నవాళ్లకు చూపించిన వ్యాసం అది.

ఆ విస్కాన్సిన్ దారిలోనే జీన్ రోఘేర్ అనే అమెరికన్ పల్నాడు వచ్చి, పల్నాటి వీరుల కథ పాడే అలిసెట్టి గాలెయ్య గొంతు విని, ఆ కథను 1982లో గ్రంథంగా తెచ్చాడు. ఆ పుస్తకం తెరిస్తే గాలెయ్య పేరు కనిపిస్తుంది. పల్నాటి కథ అంటే ఇదివరకు మనకు శ్రీనాథుడి పేరే గుర్తొచ్చేది. ఇప్పుడు పాడినవాడి పేరు కూడా చరిత్రలో ఉంది. మన దగ్గర తంగిరాల వెంకట సుబ్బారావు గారు వీరగాథల మీద చేసిన పని, కాటమరాజు కథల సంపుటాలు కూడా ఆ కోవలోవే.

1985లో తెలుగు విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు తొలి ఉపాధ్యక్షులుగా తూమాటి దోణప్ప గారు వచ్చారు. సంస్థానాల సాహిత్య పోషణ మీద సిద్ధాంత గ్రంథం రాసిన పండితుడు, హరికథలను కూడా సర్వస్వంగా కూర్చినవాడు. జానపద, గిరిజన విజ్ఞానానికి వరంగల్లులో ఆ విశ్వవిద్యాలయం ఒక పీఠం పెట్టింది. ఓరుగల్లు నేల నుంచి వచ్చిన రామరాజు గారి పనికి ఆ నేల మీదే ఒక ఇల్లు దొరికింది.

అదే కాలంలో ఇంకో మార్పు వచ్చింది. ఇంతకుముందు ఎవరి ఇళ్లకు పరిశోధకులు వెళ్లేవారో, ఆ ఇళ్ల పిల్లలే తెలుగు శాఖల్లోకి వచ్చారు. కొలకలూరి ఇనాక్ గారు గుంటూరు జిల్లా వేజెండ్లలో పుట్టి, తెలుగు వ్యాస పరిణామం మీద పరిశోధన చేసి, ఆచార్యులై, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులయ్యారు. జానపదుల సాహిత్య విమర్శ అని ఒక పుస్తకం రాశారు. పల్లె జనం పాడటమే కాదు, బాగోగులు తేల్చి విమర్శ కూడా చేస్తారని ఆ పేరులోనే చెప్పారు. రామరాజు గారు పాటకు గౌరవం తెచ్చారు. ఇనాక్ గారు పాటను తూచే పల్లె బుద్ధికి గౌరవం తెచ్చారు.

చేయవలసిన పని

ఉద్యోగానికీ పదోన్నతికీ డాక్టరేటు కావలసి వచ్చాక సిద్ధాంత గ్రంథాలు బాగా పెరిగాయి. ఫలానా కవి జీవితం, సాహిత్యం అన్న పేరుతో వచ్చినవి వాటిలో చాలా ఉన్నాయి. అవసరమైన కవి మీద అలాంటి గ్రంథం రావలసిందే. కానీ ఊళ్లో వినవలసిన గొంతులు రోజుకొకటి ఆగిపోతున్నప్పుడు, అచ్చులో భద్రంగా ఉన్న పుస్తకాల మీదే అందరం కూర్చుంటే ఎలా? పుస్తకం పదేళ్ల తర్వాత కూడా ఉంటుంది. ఒగ్గు కథ పూర్తిగా చెప్పగల ముసలాయన పదేళ్ల తర్వాత ఉండడు.

తెలుగు శాఖల్లో ఇప్పుడున్న వాళ్లను నేను మూడు కోరుతున్నాను. మొదటిది, ప్రతి సిద్ధాంత గ్రంథంలో పర్యవేక్షకుల పేరు పక్కనే పాట పాడినవాళ్ల, మాట చెప్పినవాళ్ల పేర్లు, వాళ్లు ఒప్పుకుంటే, ఊరితో సహా ఉండాలి. రెండోది, రికార్డు చేసిన గొంతులు పరిశోధకుడి ఇంట్లో పాతబడిపోకూడదు. విశ్వవిద్యాలయంలో ఒక ప్రతి, పాడిన మనిషి ఇంట్లో ఒక ప్రతి ఉండాలి. మనవళ్లు వినాలి. మూడోది, వృత్తి పదకోశాల పని మళ్లీ మొదలవ్వాలి. ఈసారి బీడీలు చుట్టే ఆడవాళ్లు, రాయి కొట్టేవాళ్లు, గీత కార్మికులు, ఆటోలు నడిపేవాళ్లు, బట్టల మిల్లులో పనిచేసేవాళ్లు, వంట మేస్త్రీలు కూడా అందులోకి రావాలి. కల్లు గీసే తాత మోకు గురించి చెప్పే మాటల్లో ఏ నిఘంటువులో వెతికినా దొరకనివి ఇంకా ఎన్నో ఉన్నాయి.

ఈ పని చేయగలవాళ్లు మన తరగతుల్లోనే కూర్చుని ఉన్నారు. నా క్లాసులో గీత కార్మికుడి కొడుకు ఉండేవాడు, చేపలు పట్టే ఇంటి పిల్ల ఉండేది. వాళ్లకు పల్లె పర్యటన అక్కరలేదు, సాయంత్రం ఇంటికి పోతే చాలు. బ్రౌన్‌కు పండితులను పెట్టుకోవలసి వచ్చింది, గిడుగు వారికి భాష మొదటి అక్షరం నుంచి నేర్చుకోవలసి వచ్చింది, రామరాజు గారికి ఊళ్లు తిరగవలసి వచ్చింది. ఈ పిల్లలకు ఆ సామగ్రి పుట్టుకతోనే ఉంది. మీ ఇంట్లో ఉన్నది విద్యే అని ఒక ఆచార్యుడు వాళ్లకు గట్టిగా చెప్పాలి. చెప్పి, దాన్ని ఎలా వినాలో, ఎలా రాయాలో, ఎలా సరిచూడాలో నేర్పాలి. తెలుగు శాఖలు ఇన్నేళ్లలో కూడబెట్టిన పాండిత్యమంతా అందుకు పనికొస్తే, ఆ శాఖల్లో జీవితాలు ధారపోసిన పెద్దలకు మనం చేయగల గౌరవం అదే.